ఇంగ్లిష్ పీరియడ్‌లో అవ్వ మాటలు

మొన్న కాలేజీలో ఇంటర్నల్ పరీక్ష పేపర్లు దిద్దుతూ ఒక జవాబుకు సున్నా వేశాను. చెప్పడానికి మనసొప్పని సంగతిని మెత్తని మాటల్లో చెప్పడాన్ని ఇంగ్లిష్‌లో యూఫెమిజం అంటారని పాఠం చెప్పి, దానికి రెండు ఉదాహరణలు రాయమని ప్రశ్న ఇచ్చింది నేనే. మంచేనహళ్ళి వైపు నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి, మా ఇంట్లో దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది అని ఇంగ్లిష్‌లో రాసింది. వ్యాకరణం సరిగ్గానే ఉంది. కానీ ఆ మాట కీ ఆన్సర్‌లో లేదు, అందుకని కొట్టేశాను. పేపర్లు పంచాక ఆ పిల్ల నా టేబుల్ దగ్గరికొచ్చి, "ఇది ఎట్ల తప్పయితాది మేడం? మా అవ్వ అట్లనే అంటాది గదా," అని అడిగింది. "కీలో లేదమ్మా," అన్నాను. అంతకంటే సిగ్గుమాలిన జవాబు నా జీవితంలో ఇంకొక్కటే చెప్పాను. అప్పుడు నాకు పదిహేనేళ్ళు. ఆ జవాబు వల్ల ఒక మాస్టారి ఉద్యోగం పోయింది. మర్నాడు ఆ పిల్లను పిలిచి మార్కు వేశాను, ఆమె నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. చిక్కబళ్ళాపురలో ఈ కాలేజీలో చేరినప్పటి నుంచి ఇన్నేళ్ళుగా నేను సరిచేయనిది ఆ మొదటి జవాబే.

అప్పట్లో మేము చింతామణిలో ఉండేవాళ్ళం. చిక్కబళ్ళాపుర ఇంకా జిల్లా కాలేదు, పెద్ద సర్కారు కాగితం ఏది కావాలన్నా కోలారుకు పోవాల్సిందే. నాయనకు బజారులో విత్తనాల అంగడి. ఇంట్లో నాయన, అమ్మ, నేను, నాయనను కన్న అవ్వ. తలుపు తీస్తే వేరుశనగ నూనె వాసన, కట్టెపొయ్యి పొగ, ఆ రెండిటి మీదుగా ఉడికే రాగి సంగటి కమ్మదనం. గ్యాసు వచ్చినా సంగటి మాత్రం కట్టెపొయ్యి మీదే కెలకాలని అవ్వ పట్టు. చదువు లేదు గానీ ఇంట్లో ఎవరు ఏ మాట అనాలో, ఏది అనకూడదో నిర్ణయించేది ఆమే. డబ్బాలో బియ్యం అయిపోయాయి అనకూడదు, నిండుకున్నాయి అనాలి. తాళి తాడు తెగింది అనకూడదు, పెరిగింది అనాలి. పెరట్లో పాము కనబడితే పురుగు అనాలి. బయలుదేరిన మనిషిని యాడికి అని అడగకూడదు, దూరమా అని అడగాలి. నేను "బడికి పోతాండా" అని గుమ్మం దాటబోతే వెనక నుంచి గొంతు వినిపించేది. "పోతాననగూడదే, పోయొస్తా అను. ల్యాకపోతే రావా ఏంది నువ్వు?" బడికి వేళ మించిపోతున్నా సరే, వెనక్కి వచ్చి ఆ మాట సరిగ్గా అన్నాకే నాకు విడుదల.

నేను చదివింది ఆడపిల్లల సర్కారు బడి, కన్నడ మీడియం. మా క్లాసులో ముప్పాతిక మందిమి ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళమే. కానీ బడి గేటు దాటితే అందరి నాలుకా కన్నడంలోకి తిరిగేది. ఎవరూ చెప్పిన నియమం కాదు, మాకు మేమే పెట్టుకున్న సిగ్గు. ఇంగ్లిష్ అయితే మాకు గైడే గురువు. వాక్యంలో లైక్ అనో యాజ్ అనో ఉంటే సిమిలీ, లేకపోతే మెటఫర్, ప్రాణంలేనిది మనిషి చేసే పని చేస్తే పర్సానిఫికేషన్. ఈ మూడు ముక్కలు కంఠస్థం చేస్తే పరీక్ష గట్టెక్కుతుంది. ఆ వాక్యం రాసినవాడు మామూలుగా చెప్పకుండా అలా ఎందుకు చెప్పాడో అడిగినవాళ్ళూ లేరు, చెప్పినవాళ్ళూ లేరు.

పదో తరగతిలో వెంకటరాయప్ప సార్ వచ్చారు. బాగేపల్లి దగ్గర పల్లెటూరు ఆయనది. ఇంగ్లిష్ పోస్టు ఖాళీగా ఉంటే, పర్మనెంట్ మాస్టారు వచ్చేదాకా గెస్ట్ టీచరుగా తీసుకున్నారు. రోజూ రెండు బస్సులు మారి వచ్చేవారు. ముప్పై దాటి ఉంటాయేమో, అప్పుడే జుట్టు పలచబడింది. ఎండాకాలం కూడా కాఫీరంగు స్వెటరు వేసుకునేవారు, దాని మీద మేము వేసుకున్న జోకులకు లెక్కలేదు. మొదటి రోజు పాఠం పుస్తకం మూసి, తెలుగులో అడిగారు. "మీ ఇంట్లో బియ్యం అయిపోతే మీ అమ్మ ఏమంటాది?" బడిలో, అదీ మాస్టారి నోట, ఇంటి మాట వినడం మాకదే మొదలు. నేను లేచి, "నిండుకున్నాయంటాది సార్," అన్నాను. "ఖాళీ డబ్బాను పట్టుకొని నిండిందంటాండాదే, మీ అమ్మకేమన్నా కండ్లు కనబడవా?" అందరూ నవ్వారు. "కనబడతాయి. కనబడింది గాబట్టే అట్లంటాది. ఇంగ్లిష్ వాళ్ళకీ అమ్మలుండారు. వాళ్ళ అమ్మలూ కొన్ని మాటలు నోటికి రానీరు. అది తెలుసుకుంటే చాలు, గైడు అక్కర్లేదు."

ఆ రోజు నుంచి ఒక పద్ధతి పెట్టారు. ప్రతి శుక్రవారం ఒక్కొక్కరూ ఇంట్లో పెద్దవాళ్ళు అనే మాట ఒకటి తేవాలి, పైకి ఒక అర్థం, లోపల ఇంకొక ఉద్దేశం ఉన్న మాట. నోటుపుస్తకంలో ఎడమ పేజీలో ఆ మాట, కుడి పేజీలో అలా ఎందుకంటారో మన ఊహ, దాని కింద అలాంటి పని చేసే ఇంగ్లిష్ మాట. తెలుగువాళ్ళు తెలుగు మాటలు తెచ్చేవారు, కన్నడంవాళ్ళు కన్నడం, ముస్లిం పిల్లలు వాళ్ళ ఉర్దూ. మూడు భాషల అవ్వలూ ఇంగ్లిష్ పీరియడ్‌లో కూర్చున్నట్టు ఉండేది. తమాషా ఏమిటంటే, ఆ తర్వాత పాఠంలో ఇంగ్లిష్ వాక్యం వస్తే మాకు భయం పోయింది. చచ్చిపోయారు అనకుండా దాటిపోయారని వాళ్ళూ ఎందుకంటారో ఎవరూ విడమర్చి చెప్పకుండానే తెలిసేది.

మా ఇంట్లో గురువారం సాయంత్రాలు దానికే. చలికాలంలో అయితే అనపగింజలు నానబెట్టి, ఇత్తడి బేసిన్ మధ్యలో పెట్టుకుని, అవ్వా నేనూ పితికేవాళ్ళం. బొటనవేలితో నొక్కితే గింజ పొట్టు వదిలి బేసిన్‌లోకి దూకేది. వేళ్ళు నాని ముడతలు పడేవి. పితుకుతూనే అవ్వ గుర్తు చేసుకునేది. "అమ్మవారు పోసిందంటాము సూడు, అది రాసినావా? ఆ జబ్బుని పేరు పెట్టి పిలిస్తే ఇంట్లోనే తిష్ట వేస్తాదని భయం. అమ్మా అంటే కడుపు సల్లబడి ఎళ్ళిపోతాది." మర్నాడు సాయంత్రం నేను గుమ్మంలో కాలు పెట్టకముందే ప్రశ్న. "ఏమన్నాడు మీ సారు?" బాగుందన్నారని చెబితే ఆమె మొహం చూడాలి. డెబ్బై ఏళ్ళు ఎవరూ పట్టించుకోని తన నోటి మాటలు బడికెళ్ళి బోర్డు ఎక్కుతున్నాయని ఇరుగుపొరుగుకు చెప్పుకునేది.

ఇక నేను చేసిన పని. ఫైనల్ పరీక్షకు ముందు ప్రిపరేటరీ పరీక్ష వచ్చింది. పేపర్లు మా బడిలో కాకుండా వేరే బడి మాస్టర్లు దిద్దారు. పాత గడియారం ఇల్లంతటినీ తిట్టిపోసింది అనే వాక్యం ఇచ్చి వివరించమన్నారు. గైడులో ఉన్నట్టు, గడియారానికి మనిషి గుణం ఆపాదించారు, కాబట్టి ఇది పర్సానిఫికేషన్ అని రాస్తే పూర్తి మార్కులు. నేను పేరు రాయకుండా, ఆ ఇంట్లో మనుషులు కోపాన్ని పైకి చెప్పుకోరు కాబట్టి రాసినవాళ్ళు ఆ కోపం గడియారానికి ఇచ్చారని రాశాను. సార్ చూసి ఉంటే ఎగిరి గంతేసేవారు. దిద్దినవారు సున్నా వేశారు. అలాంటివే ఇంకో రెండు పోయాయి. నా పక్కన కూర్చునే పద్మ గైడు బట్టీపట్టి, ఎప్పుడూ నాదైన ఫస్టు ర్యాంకు కొట్టేసింది. ఆమె నాయన బడి బాగోగులు చూసే కమిటీకి అధ్యక్షుడు. మా నాయన అందులో మామూలు మెంబరు.

ఆ సాయంత్రం నాయన సంగటి తింటూ మార్కులు ఎందుకు తగ్గాయని అడిగారు. ఉక్రోషంతో ఉన్నాను. "మా సార్ ఇంగ్లిష్ పీరియడ్‌లో తెలుగు చెప్పిస్తాండాడు నాయనా, పాఠం యాడ చెప్తాండాడు?" అనేశాను. కన్నడం, ఉర్దూ కూడా ఉన్నాయని చెప్పలేదు. ఇంగ్లిష్ నాకు భయం తీరింది ఆయన వల్లేనని చెప్పలేదు. నాయన చెయ్యి ముద్ద దగ్గర ఆగింది. "కన్నడ బడిలో తెలుగా? రేప్పొద్దున మనోళ్ళే చేయించినారంటారు. మనకి మాటొస్తాది." తరతరాలుగా ఈ నేల మీద బతుకుతూ కూడా, మా ఇంటి భాష బయట వినబడితే ఎవరైనా ఏమైనా అంటారేమోనన్న బెదురు మా వాళ్ళకు పోలేదు. ఎవరూ అనకముందే మేమే తప్పు ఒప్పేసుకునే రకం.

శనివారం బడి వదిలాక హెడ్‌మాస్టరు గదికి నన్ను పిలిచారు, మాటల పుస్తకం తెమ్మన్నారు. కమిటీవాళ్ళు కూర్చుని ఉన్నారు. పద్మ నాయన, మా నాయన, ఇంకా నలుగురైదుగురు. ఒకరిద్దరు తప్ప అందరూ ఇంట్లో తెలుగే మాట్లాడతారని నాకు తెలుసు. అయినా ఆ గదిలో తెలుగును తప్పుపట్టడమంతా కన్నడంలోనే నడిచింది. సార్ గోడ పక్కన నిలబడ్డారు. కుర్చీ ఖాళీగానే ఉంది, కూర్చోమని ఎవరూ అనలేదు. ఈ ఫిర్యాదు ఎవరి ఇంటి నుంచి వచ్చిందో ఆయనకు చెప్పలేదు. అధ్యక్షుడే నా పుస్తకం తిప్పి, అవ్వ చెప్పిన మాటలు ఒకటొకటే పైకి చదివాడు. దీపం, తాళి, అమ్మవారు. ఆ గొంతులో అవి వెర్రిమాటల్లా వినిపించాయి. హెడ్‌మాస్టరు నా వైపు తిరిగి, ఇవన్నీ ఇంగ్లిష్ పీరియడ్‌లో రాయించినవేనా, అవునా పాపా అన్నట్టు "హౌదా మగు?" అని అడిగారు. నేను సార్ వైపు చూడలేదు. "హౌదు సార్," అన్నాను. అవును అన్నానంతే. ఇంకో రెండు వాక్యాలు చెప్పడానికి ఎవరూ నా నోరు మూయలేదు. ఎందుకు రాయించారో, దానివల్ల మాకేం వచ్చిందో ఆ గదిలో చెప్పగలిగింది నేనొక్కదాన్నే. సార్ అధ్యక్షుడి చేతిలోంచి పుస్తకం తీసుకున్నారు. దాన్ని మూసి, రెండు చేతులతో నాకిచ్చి, "జాగ్రత్తగా పెట్టుకోమ్మా," అని మాత్రం అన్నారు.

సోమవారం ఆయన రాలేదు. సార్‌కు వేరేచోట అనుకూలమైందని చెప్పారు. తీసేశారు అనే మాటకు మెత్తని మాట అది, ఆయనే మాకు నేర్పిన పాఠం. పిల్లలంతా పద్మను అనుమానించారు, ఆమె నాయన అధ్యక్షుడు కదా. ఆ గదికి నన్ను పిలిచింది పుస్తకం బాగా రాస్తానని మాత్రమే అనుకున్నారు. పరీక్షలయ్యేదాకా ఒక్కరూ పద్మతో సరిగ్గా మాట్లాడలేదు. "నేనేం చేసినానే?" అని ఆమె ఒకరోజు నా భుజం మీద తలపెట్టి ఏడ్చింది. వీపు నిమిరాను, నోరు మాత్రం విప్పలేదు.

ఇంట్లో అవ్వకు ఎలా చెప్పాలి? గురువారం రాగానే, "ఏమ్మే, ఈ వారం మీ సారుకి మాట వొద్దా?" అంది. "కావాలవ్వా," అన్నాను. రాసుకున్నాను. మర్నాడు ఏమన్నాడని అడిగింది. బాగుండాదన్నాడని చెప్పాను. అలా పరీక్షలయ్యేదాకా ప్రతి వారం, లేని సార్ పేరుతో ఆమె దగ్గర మాటలు తీసుకుని, ఆయన అనని మెప్పులు కల్పించి చెప్పాను. ఒకసారి అవ్వ పితికిపప్పు పులుసు స్టీలు డబ్బాలో పోసి, "మీ సారు దూరం నించి వస్తాడంటివే, ఇది ఇయ్యి," అని పంపింది. బడి వెనక నీళ్ళ ట్యాంకు దగ్గర కూర్చుని నేనే తిన్నాను. గొంతు దిగలేదని రాస్తే బాగుంటుంది గానీ, దిగింది. రుచిగా కూడా ఉంది. ఖాళీ డబ్బా చూసి అవ్వ ఎంత మురిసిపోయిందో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

మిగిలిన పాఠాలు గైడు చూసి బట్టీపట్టాను, మంచి మార్కులే వచ్చాయి. డిగ్రీ చదివేటప్పుడు అవ్వ మంచం పట్టింది. ఒక మధ్యాహ్నం కళ్ళు తెరిచి, "మీ సారు బాగుండాడా?" అని అడిగింది. "బాగుండాడవ్వా," అన్నాను. అదే నేను ఆమెకు చెప్పిన చివరి అబద్ధం. పది రోజులకు పోయింది. తర్వాత ఎం.ఏ. చేశాను, పాఠాలు చెబుతున్నాను. ఆనాడు మాకు బోర్డు, సుద్దముక్క, ఒక మనిషి ఉంటే చాలింది. ఇప్పుడు నా గదిలో ప్రొజెక్టరు ఉంది, రంగురంగుల స్లైడ్లు ఉన్నాయి, పిల్లల చేతిలో ఫోనుంది. అయినా వాళ్ళ ఇళ్ళలో ఏ మాట ఎందుకంటారో నేను ఒక్కరోజూ అడగలేదు. ఆయన వద్దన్న గైడును నేను స్లైడ్లలోకి ఎక్కించాను, అంతే తేడా. ఆయన బడి పోగొట్టుకున్నారు, ఆయన చెప్పాల్సిన పాఠం నేను సర్కారు జీతం తీసుకుంటూ అధ్వాన్నంగా చెబుతున్నాను.

మంచేనహళ్ళి పిల్ల అడిగిన వారమే పద్మకు ఫోన్ చేశాను. ఇప్పుడు బెంగళూరులో ఉంటుంది, ఎప్పుడైనా మాట్లాడుకుంటాం. సార్ సంగతి అడిగితే, బాగేపల్లి బస్టాండ్ దగ్గర జెరాక్స్ అంగడి పెట్టుకున్నారని, అర్జీలు కూడా రాసిస్తారని చెప్పింది. ఆ తర్వాత ఆయన ఏ బడిలోనూ చేరలేదట. ఆదివారం బస్సెక్కాను. దారి పొడుగునా వాక్యాలు తయారు చేసుకున్నాను. అప్పట్లో ఒక అపార్థం జరిగింది సార్. పరిస్థితులు అలా వచ్చాయి సార్. చిన్నతనంలో నోరు జారాను సార్. పిల్లలకు నేను నేర్పే మెత్తని మాటలన్నీ వరసగా వచ్చాయి, ఒక్కదాంట్లో కూడా చేసినదాన్ని నేనని లేదు.

అంగడి ముందు నిలబడి పేరు చెప్పగానే సార్ నన్ను గుర్తుపట్టారు. జుట్టు పూర్తిగా పోయింది, కళ్ళద్దాలు వచ్చాయి. స్టూలు తుడిచి కూర్చోబెట్టి, టీ తెప్పించారు. ఏం చేస్తున్నానో అడిగారు. ఇంగ్లిష్ లెక్చరర్‌నని గొంతు తగ్గించి చెప్పాను. "మీ అవ్వ మాటలు ఎంత బాగుండెనమ్మా," అన్నారు. నేను ఆ శనివారం ప్రస్తావన తెచ్చాను. ఆయన చెయ్యి ఊపి ఆపేశారు. "నువ్వేం చేస్తావమ్మా, పిల్లవి. పిలిచి అడిగినారు, ఉండేది చెప్పినావు. నా మీద కంప్లెయింటు పెట్టింది పద్మోళ్ళ నాయన గదా. అదే నాకు కడుపులో ఉండిపోయింది. ఆ యమ్మి నాలుగైదేండ్లకి పెండ్లిపత్రిక పట్టుకొని మా ఊరికొచ్చింది. నేను లోపలే ఉండి, లేనని మా ఇంటామెతో చెప్పించినా. ఎండలో వచ్చిన బిడ్డ, నీళ్ళు గూడా తాగకుండా పత్రిక అరుగు మింద పెట్టి ఎళ్ళిపోయింది."

బస్సులో తయారు చేసుకున్న వాక్యాలు ఒక్కటీ నోటికి రాలేదు. "పద్మోళ్ళ నాయన కాదు సార్. మా నాయనకు చెప్పింది నేను. మార్కులు తగ్గినాయని కోపంతో చెప్పినా. సగమే చెప్పినా. నా వల్లే మిమ్మల్ని తీసేసినారు," అన్నాను.

సార్ జెరాక్స్ మిషన్ వైపు తిరిగారు. ఒకాయన ఆధార్ కార్డు ఇస్తే రెండు కాపీలు తీసి ఇచ్చారు. కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. నన్ను తిడతారని చూశాను, పోనీలే అంటారని కూడా చూశాను. రెండూ అనలేదు. "పద్మ నంబరు ఉండాదా నీ దగ్గర?" అని అడిగారు.

ఇచ్చాను. అక్కడే నిలబడి ఫోన్ కలిపారు. పేరు చెప్పుకున్నారు. "అమ్మా, నువ్వు పత్రిక తెచ్చిన దినము నేను ఇంట్లోనే ఉంటిని. లేనని చెప్పించినా. తప్పు చేసినా, మన్నించు," అన్నారు. అటువైపు పద్మ కంగారుగా ఏదో అడుగుతోంది, ఇప్పుడెందుకు సార్, ఏమైంది సార్ అని ఆ గొంతు నాకూ వినబడుతోంది. ఆయన నా పేరు ఎత్తలేదు. ఫోన్ నా చేతికిచ్చి, వెనక్కి తిరిగి మిషన్‌లో కాగితాలు సర్దుకోసాగారు.

"పద్మా, నేనే," అన్నాను. "సార్ మీద చెప్పింది నేనే. అందరూ నిన్ను అంటున్నప్పుడు కూడా నాకు తెలుసు." పద్మ ఫోన్ పెట్టేయలేదు. నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.